కరెంటు పోయి వచ్చాక ఫైళ్లున్నాయి, లోపల బొమ్మ లేదు: 224 టీబీ సర్వర్‌కి ఏ యూపీఎస్ తీసుకోవాలి?

సాలిగ్రామం స్కానర్ | సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. చెన్నై సాలిగ్రామంలో పాత సినిమా నెగటివ్‌లు స్కాన్ చేసే ఒక చిన్న స్టూడియోలో స్టోరేజ్ పని నేను చూస్తుంటాను. మా సరంజామా ఇది: 16 డిస్కులు, ఒక్కోటి 16 టీబీ, రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచేలా అన్నింటినీ కలిపే పద్ధతి). వాడుకోడానికి మిగిలేది 224 టీబీ. లినక్స్, డిస్కు మీద ఫైళ్లు సర్దే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్, విండోస్ మిషన్లకి ఫోల్డర్లు పంచే సాంబా. ర్యామ్ 256 జీబీ. డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డు మీద 2 జీబీ క్యాష్ (రాసేముందు డేటా కాసేపు ఆగే మెమరీ) ఉంది. స్కానర్ విండోస్ మిషన్ మీద నడుస్తుంది, 10 గిగాబిట్ లైన్లో నేరుగా సర్వర్లోకే రాస్తుంది.

పోయినవారం ఒక సాయంత్రం వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. బిల్డింగ్ జనరేటర్ పది పదిహేను సెకన్లలో అందుకుంది గానీ ఈలోపే మా యూపీఎస్ కుయ్‌మని ఒక్క కూత పెట్టి చేతులెత్తేసింది. సర్వర్ మళ్లీ లేచింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాగ్ రికవరీ చేసుకుని మౌంట్ అయింది, ఒక్క ఎర్రర్ కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు రంగులు సరిచేసే కలరిస్ట్ పిలిచి చూపించాడు, రీలు మధ్యలో వరసగా నల్ల ఫ్రేములు. ఫైలు పేరు ఉంది, సైజు సరిగ్గా 51 ఎంబీ ఉంది, తెరిస్తే మొత్తం సున్నాలు.

ఈ పని తెలియనివాళ్ల కోసం: 4కే స్కాన్లో ఫ్రేముకో డీపీఎక్స్ ఫైలు తయారవుతుంది. వెయ్యడుగుల రీలంటే 16 వేల ఫ్రేములు, 800 జీబీ పైమాటే. రెండు గంటల నలభై నిమిషాల సినిమాకి దాదాపు 11.7 టీబీ. పోయినవి మళ్లీ స్కాన్ చేద్దామంటే ఆ నెగటివ్ కుంచించుకుపోయి వెనిగర్ వాసన కొడుతోంది. ఇంకోసారి స్కానర్ గేట్లోంచి లాగాలంటే భయం.

మా ఓనర్ గారు "5 కేవీఏ యూపీఎస్ కొనేద్దాం, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. వదులుతుందా?


మిక్సింగ్ రూమ్ | సోమవారం, రాత్రి 10:31

కొనేయండి సార్. ఇందులో చర్చకేముంది?


డిస్కుల దొర | సోమవారం, రాత్రి 11:48

యూపీఎస్ కొనొద్దని ఎవరూ అనరు. కాకపోతే మీకు ఫ్రేములు పోయింది కరెంటు పోయినందుకు మాత్రమే కాదు. కరెంటు పోయిన క్షణానికి ఆ ఫ్రేములు ఇంకా డిస్కు మీదకి చేరలేదు, అయినా చేరిపోయాయని స్కానర్‌కి మీ సర్వర్ జవాబిచ్చేసింది. టిఫిన్ సెంటర్లో ఇంకా పెనం మీద పిండి కూడా పోయకుండానే కుర్రాడు "వచ్చేస్తోంది సార్" అంటాడే, అలా.

ఫ్రేము ఎక్కడెక్కడ ఆగుతుందో చూడండి. ముందు సర్వర్ ర్యామ్‌లో పేజ్ క్యాష్, అంటే డిస్కుకి వెళ్లాల్సిన డేటాని లినక్స్ ఆపి ఉంచే చోటు. లినక్స్ డిఫాల్ట్ ప్రకారం రాయకుండా మిగిలిన డేటా ఖాళీ మెమరీలో 10 శాతం దాటాకే వెనకాల రాయడం మొదలవుతుంది, లేదా ఆ డేటాకి 30 సెకన్ల వయసొస్తే. 20 శాతం దాటితే గానీ రాసే ప్రోగ్రామ్‌ని ఆపి పట్టుకోదు. 256 జీబీ ర్యామ్ ఉన్న మిషన్లో 20 శాతం అంటే ఇంచుమించు 50 జీబీ! ఈ శాతాలు 2 జీబీ, 4 జీబీ ర్యాములున్న రోజుల్లో బాగానే ఉండేవి. మీ స్కానర్ సెకనుకి 15 ఫ్రేములు తీస్తుందనుకుందాం. 30 సెకన్లలో 450 ఫ్రేములు, 23 జీబీ. అదంతా గాల్లో ఉన్నట్టే లెక్క.

అక్కడ్నించి రెయిడ్ కార్డు క్యాష్, 2 జీబీ, అంటే ఓ 40 ఫ్రేములు. ఆ తర్వాత ప్రతి డిస్కులోనూ దాని సొంత క్యాష్, 256 ఎంబీయో 512 ఎంబీయో. మూడు చోట్లా ఉన్నది కరెంటు పోతే ఆవిరయ్యే మెమరీయే.

ఇక సైజు సరిగ్గా ఉండి లోపల సున్నాలెందుకున్నాయంటే, విండోస్ ప్రోగ్రాములు చాలావరకు ముందే "ఈ ఫైలు ఇంత పొడవు" అని సైజు ఖాయం చేసి తర్వాత నింపుతాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన జర్నల్‌లో (మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్) రాసుకునేది పేరు, సైజు, చోటు లాంటి వివరాలే, లోపలి డేటా కాదు. వివరాలు లాగ్‌లోకి చేరాయి, డేటా చేరలేదు. రికవరీ తన పని తాను సక్రమంగా చేసింది. ఫైల్ సిస్టమ్ వరకు ఏ తప్పూ లేదు కాబట్టి ఎర్రర్ కూడా లేదు.

మీరు రెండు విషయాలు చూసి చెప్పండి. కార్డులో రైట్ పాలసీ (రాసేశానని ఎప్పుడు జవాబివ్వాలనే సెట్టింగ్) ఏముంది? కార్డు బ్యాటరీ బతికే ఉందా?


జెడ్‌ఎఫ్‌ఎస్ భక్తుడు | మంగళవారం, ఉదయం 6:55

నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. ఆ కార్డు పీకేసి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ వేసుకోండి. కాపీ ఆన్ రైట్ కాబట్టి పాతదాని మీద ఎప్పుడూ రాయదు, కొత్త చోట రాసి చివర్లో గుర్తు మారుస్తుంది. ఏ క్షణాన ప్లగ్ లాగినా పూల్ (అన్ని డిస్కులూ కలిసిన నిల్వ) ఒక సరైన స్థితిలోనే లేస్తుంది. రెయిడ్ 5, 6లకి ఉన్న రైట్ హోల్ జబ్బు (రాస్తుండగా కరెంటు పోతే డేటాకీ, దాన్ని కాపాడే పారిటీకీ పొంతన తప్పడం) దీనికి లేదు. పైగా ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్, అంటే డేటా చెడితే పట్టిచ్చే లెక్క.


డిస్కుల దొర | మంగళవారం, ఉదయం 8:10

భక్తుడు గారూ, మంచి ఫైల్ సిస్టమే, నేనూ వాడతాను. అయితే ఈ ఫ్రేములు జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఉన్నా పోయేవి. అందులో రాతలు పోగయ్యే ట్రాన్సాక్షన్ గ్రూపు డిఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి డిస్కుకి వెళ్తుంది. సింక్ (డిస్కుకి చేరాకే జవాబివ్వమనడం) అడగకుండా రాసిన డేటా ఆ చివరి 5 సెకన్లది ఎగిరిపోతుంది. తేడా ఏమిటంటే 30 సెకన్లకి బదులు 5, రాయకుండా మిగిలేదానికి కూడా మామూలుగా 4 జీబీ దగ్గర కట్టడి ఉంటుంది. నష్టం బాగా తక్కువే, సున్నా మాత్రం కాదు. "ఎప్పుడు లాగినా సరైన స్థితి" అంటే పూల్ సరైన స్థితిలో ఉంటుందని, మీ ఆఖరి ఫ్రేము అందులో ఉంటుందని కాదు.


జెడ్‌ఎఫ్‌ఎస్ భక్తుడు | మంగళవారం, ఉదయం 8:22

సింక్‌ని ఆల్వేస్ చేసి, లాగ్ కోసం స్లాగ్ ఎస్‌ఎస్‌డీ ఒకటి పెడితే ఆ 5 సెకన్లు కూడా భద్రం.


డిస్కుల దొర | మంగళవారం, ఉదయం 8:40

ఆ ఎస్‌ఎస్‌డీలో పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉంటేనే. సర్వర్ల కోసం చేసిన ఎస్‌ఎస్‌డీల్లో వరసగా చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయాక క్యాష్‌లో ఉన్నది ఫ్లాష్‌లోకి దించడానికి ఆ కాస్త చార్జీ చాలు. రిచీ స్ట్రీట్‌లో దొరికే మామూలు గేమింగ్ ఎస్‌ఎస్‌డీలో అవి ఉండవు. అలాంటిది స్లాగ్‌గా పెడితే ఫ్లష్ (క్యాష్‌లోది ఫ్లాష్‌లోకి దించడం) కోసం ప్రతిసారీ ఆగి వేగం పడిపోతుంది, లేదంటే ఫ్లష్ చేశానని అబద్ధం చెబుతుంది. రెండూ మనకి పనికిరావు.

పైగా 224 టీబీ మార్చాలంటే ముందు ఇంకో 224 టీబీ ఖాళీ ఎక్కడుంది? అది కొన్న రోజు మాట్లాడుకుందాం.


సాలిగ్రామం స్కానర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

దొర గారూ, చూశాను. రైట్ పాలసీ "ఆల్వేస్ రైట్ బ్యాక్" అని ఉంది. బ్యాటరీ స్టేటస్ "ఫెయిల్డ్". కార్డు లాగ్ వెనక్కి తిప్పితే అది చచ్చి చాలాకాలమైంది. సర్వర్ అమ్మినవాళ్ల ఇంజినీర్‌కి ఫోన్ చేస్తే, "రైట్ బ్యాక్ అని మాత్రమే పెడితే బ్యాటరీ లెర్న్ సైకిల్ (బ్యాటరీని ఖాళీ చేసి నింపి కొలిచే పరీక్ష) వచ్చినప్పుడల్లా స్పీడ్ పడిపోతోందని కస్టమర్లు కంప్లైంట్ చేస్తున్నారు సార్, అందుకే అందరికీ ఇలాగే పెడుతున్నాం" అని తాపీగా చెప్పాడు.

డిస్కుల దొర అన్న పేరు మీకు ఊరికే రాలేదు.


డిస్కుల దొర | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అందరికీ ఇలాగే పెడుతున్నారట! అయితే చెన్నైలో ఇంకెన్ని సర్వర్లు ఇలా ఉన్నాయో.

చదివేవాళ్లందరికీ ఉపయోగం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కార్డు క్యాష్‌కి బ్యాటరీ ఎందుకంటే, కరెంటు పోయాక అందులో మిగిలిన డేటాని పట్టి ఉంచడానికి. పాత పద్ధతి బ్యాటరీలు మామూలుగా మూడు రోజుల దాకా పట్టి ఉంచుతాయి. కొత్త కార్డుల్లో బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్, ఒక ఫ్లాష్ ముక్క ఉంటాయి. కరెంటు పోగానే కెపాసిటర్ చార్జీతో క్యాష్ మొత్తం ఫ్లాష్‌లోకి దిగిపోతుంది. ఆ తర్వాత కరెంటు వారం రాకపోయినా ఫర్వాలేదు. సర్వర్ లేచాక కార్డు దాన్ని డిస్కులకి రాసేస్తుంది.

రైట్ బ్యాక్ అంటే క్యాష్‌లోకి రాగానే రాశానని చెప్పడం. పాలసీ "రైట్ బ్యాక్" అని ఉంటే, బ్యాటరీ దెబ్బతినగానే కార్డు తనంతట తాను, డిస్కుకి చేరాకే రాశానని చెప్పే రైట్ త్రూకి మారిపోతుంది. నిదానిస్తుంది, కానీ అబద్ధం చెప్పదు. ఆ నిదానమే మీకు అందే హెచ్చరిక. "ఆల్వేస్" పెడితే బ్యాటరీ ఉన్నా లేకపోయినా సరే రాసేశానంటుంది. ఎఫ్‌సింక్ (నిజంగా డిస్కుకి చేర్చమని ప్రోగ్రామ్ ఇచ్చే ఆజ్ఞ) అడిగినా అదే జవాబు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తన జర్నల్‌ని నమ్ముకునేది ఆ జవాబు మీదే. అంటే పోయినవారం మీ ఫైల్ సిస్టమే మౌంట్ కాకుండా కూర్చోవాల్సింది. నల్ల ఫ్రేములతో పోయిందంటే మీ నెగటివ్‌లో దేవుడి పాత్ర ఎవరో గట్టిగానే వేసుంటారు.

ఈరోజే ఆల్వేస్ తీసేసి ఉత్త రైట్ బ్యాక్ పెట్టండి. బ్యాటరీ లేదు కాబట్టి అది రైట్ త్రూలోకి పోతుంది, స్కానింగ్ నత్తనడక నడుస్తుంది, కొత్త మాడ్యూల్ వచ్చేదాకా భరించండి. పక్కనే "డిస్క్ క్యాష్ పాలసీ" అని ఉంటుంది, దాన్ని డిజేబుల్ చేయండి. కార్డు బ్యాటరీ కార్డు క్యాష్‌నే కాపాడుతుంది, డిస్కుల సొంత క్యాష్ సంగతి దానికి పట్టదు.


త్రీఫేజ్ మావయ్య | మంగళవారం, రాత్రి 9:30

నాది అంబత్తూరు, యూపీఎస్ సర్వీసు పని. సొంతూరు గూడూరు. క్యాష్‌ల గోల నాకు తెలియదు గానీ మీ యూపీఎస్ ఎందుకు చేతులెత్తిందో చెప్పగలను. బ్యాటరీలు మార్చి ఎన్నాళ్లయింది? ఎస్‌ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని) బ్యాటరీకి రాసే ఆయుష్షు 25 డిగ్రీల గదికి. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగం. మన చెన్నైలో రాత్రి స్టూడియో తాళం వేసి ఏసీ కట్టేసి పోతారు. యూపీఎస్ ఉన్న గది మే నెలలో తెల్లవారేదాకా ఉడుకుతూనే ఉంటుంది. బ్రోచర్లో ఐదేళ్లని ఉన్నది ఇక్కడ రెండున్నర, మూడేళ్లకే ఖాళీ. పైకి చూస్తే లైటు పచ్చగానే ఉంటుంది. లోడు పడినప్పుడే తెలుస్తుంది.

5 కేవీఏ ఎందుకండీ? లెక్క వేయండి. తిరుగుతున్న డిస్కు ఒక్కోటి 7, 8 వాట్లు తింటుంది. 16 డిస్కులకి 130 అనుకోండి. బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్లు అన్నీ కలిపితే సర్వర్ 350 వాట్లు దాటదు. స్విచాఫ్ నుంచి లేచేటప్పుడు మాత్రం డిస్కు ఒక్కోటి పాతిక వాట్ల దాకా లాగుతుంది, ఆ నాలుగొందల వాట్లకి కూడా చోటుండాలి. స్కానర్ మిషన్, నెట్‌వర్క్ స్విచ్ కలిపినా 2 కేవీఏ, మహా అయితే 3 కేవీఏ చాలు. కేవీఏ చూసి కొనకండి, వాట్లు చూడండి. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 3 కేవీఏ అంటే 2400 వాట్లే. మిగిలిన డబ్బు బ్యాటరీ మీద పెట్టండి, ఏటా చెకింగ్ మీద పెట్టండి.

జనరేటర్ ఉంది కాబట్టి ఆన్‌లైన్ రకమే తీసుకోండి. లైన్ ఇంటరాక్టివ్ రకం (మామూలుగా లైను కరెంటునే పంపి, తేడా వస్తే బ్యాటరీకి మారేవి) చాలావాటికి జనరేటర్ కరెంటు నచ్చదు. లిఫ్టు కదిలినప్పుడల్లా వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఊగుతాయి, ఇది టకటకా బ్యాటరీ మీదకి పోయి వస్తుంది. అవతల జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, ఇవతల బ్యాటరీ ఖాళీ అయి సర్వర్ ఆగిపోతుంది. ఇలాంటి కేసులు చాలానే చూశాను. ఆన్‌లైన్ రకంలో వచ్చిన కరెంటుని డీసీ చేసి మళ్లీ ఏసీ చేస్తుంది కాబట్టి ఆ ఊగిసలాట లోపలికి రాదు. మారే సమయం కూడా సున్నా.


బెంగళూరు బుజ్జి | మంగళవారం, రాత్రి 9:52

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మారతహళ్లిలో ఉంటాను. ఇంట్లో 4 డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌లో పెట్టుకునే స్టోరేజ్ పెట్టె) ఉంది. అపార్ట్‌మెంట్‌కి పవర్ బ్యాకప్ ఉంది, మా ఫ్లాట్లో ఇన్వర్టర్ కూడా ఉంది. ఇంకా యూపీఎస్ అవసరమా మావయ్యా?


త్రీఫేజ్ మావయ్య | మంగళవారం, రాత్రి 10:05

కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా నిలబడేది 12 నుంచి 17 మిల్లీసెకన్లు, అదీ మంచి సప్లై అయితే. ఇన్వర్టర్ అంతలోపు బ్యాటరీ మీదకి మారాలి. త్వరగా మారే యూపీఎస్ మోడ్ దాంట్లో ఉంటే అంచు మీద నెట్టుకొస్తుంది, లేకపోతే నాస్ రీస్టార్టే. పైగా ఇన్వర్టర్‌కి యూఎస్‌బీ వైరు ఉండదు, బ్యాటరీ అయిపోతోందని నాస్‌కి చెప్పే దారి లేదు. యూఎస్‌బీ ఉన్న చిన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టుకో బాబూ, చాలు.


మిక్సింగ్ రూమ్ | బుధవారం, ఉదయం 11:00

2 కేవీఏకి అరగంట బ్యాకప్ వస్తుంది కదా. అరగంటలో కరెంటు ఎలాగూ వచ్చేస్తుంది. ఇంత ఆలోచన దేనికి?


డిస్కుల దొర | బుధవారం, మధ్యాహ్నం 12:35

మీరు చెప్పే అరగంట కొత్త బ్యాటరీది. అది వదిలేయండి, 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు చెన్నైలో చాలా పేటలకి రోజుల తరబడి కరెంటు లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు నీళ్లు నిలిచినచోట ముందుజాగ్రత్తగా కరెంటు వాళ్లే లైన్లు ఆపేశారు. జనరేటర్‌కి డీజిల్ తేవడానికి బండి కదల్లేదు. పేపర్లో వేసి ఉదయం తొమ్మిది నుంచి రెండింటి దాకా తీసే షట్‌డౌన్‌తో ఎవరి డేటా పోదు, ముందే ఆపుకుంటాం. చెప్పకుండా రెండు సెకన్లు పోయి వచ్చేదానితోనూ, పోయి ఎంతకీ రానిదానితోనూ పోతుంది. మొదటిదానికి యూపీఎస్ చాలు. రెండోదానికి సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోవాలి. అర్ధరాత్రి పోతే ఎవరొచ్చి షట్‌డౌన్ కొడతారు, వాచ్‌మనా?

దీనికి నట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. యూపీఎస్ యూఎస్‌బీ వైరు సర్వర్‌కి తగిలించి దాన్ని ప్రైమరీ చేయండి. స్కానర్ మిషన్, మిగతావి సెకండరీలు. కరెంటు పోయాక మీరు పెట్టిన గడువు దాటితే ప్రైమరీ అందరికీ కబురు పెడుతుంది. సెకండరీలు ఆగేదాకా కాస్త చూసి, చివరికి తాను ఆగుతుంది. ముందు స్కానర్ రాయడం ఆపాలి, తర్వాతే సర్వర్. ఈ వరస తప్పకూడదు.

డిఫాల్ట్‌గా అది యూపీఎస్ "లో బ్యాటరీ" అనేదాకా ఆగుతుంది. నమ్మకండి. ముసలి బ్యాటరీ 60 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా సున్నాకి పడుతుంది. టైమర్ పెట్టండి. మీ జనరేటర్ పదిహేను సెకన్లలో వస్తుంది కదా. రెండు నిమిషాల్లో రాకపోతే ఇక రాదనే లెక్క, డీజిల్ లేదో స్టార్టర్ బ్యాటరీ దిగిందో. రెండు నిమిషాలకి షట్‌డౌన్ మొదలెట్టేయండి.


సాలిగ్రామం స్కానర్ | బుధవారం, సాయంత్రం 4:20

సర్వర్ ఆగుతున్న మధ్యలో కరెంటు వచ్చేస్తే? యూపీఎస్ ఆన్‌లోనే ఉంటుంది, సర్వర్ ఆఫ్ అయిపోతుంది. దాన్ని మళ్లీ లేపేదెవరు?


డిస్కుల దొర | బుధవారం, సాయంత్రం 5:02

సరైన చోట పట్టుకున్నారు. బయోస్‌లో "ఏసీ (కరెంటు) వస్తే ఆన్ అవ్వు" అని పెట్టినా, ఏసీ ఒకసారి పోయి వస్తేనే అది పనిచేస్తుంది. ఇక్కడ సర్వర్ దృష్టిలో ఏసీ పోనే లేదు. అందుకే నట్ ఆఖరి అడుగుగా యూపీఎస్‌కి "ఇన్ని సెకన్ల తర్వాత నీ అవుట్‌పుట్ కట్ చెయ్, లైను ఉంటే మళ్లీ ఇవ్వు" అని చెబుతుంది. ఈలోపు లైను వచ్చేసినా సరే, అవుట్‌పుట్ కాసేపు కట్ అయి వస్తుంది, సర్వర్ లేస్తుంది. ఆ సెకన్లు డిఫాల్ట్‌గా 20. షట్‌డౌన్‌లో చివర్న ఫైల్ సిస్టమ్‌లు దించేశాకే ఈ ఆజ్ఞ వెళ్లాలి. మీ సర్వర్‌లో ఆ తర్వాత కూడా ఏమైనా నడుస్తుంటే అంకె పెంచుకోండి.

పనిలో పనిగా పేజ్ క్యాష్ సంగతి కూడా తేల్చండి. ముందు చెప్పిన 20, 10 శాతాలు తీసేసి, వాటి బదులు డర్టీ బైట్స్ (రాసే ప్రోగ్రామ్‌ని ఆపే హద్దు) 2 జీబీ, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ (వెనకాల రాయడం మొదలయ్యే హద్దు) 512 ఎంబీ పెట్టండి. మీ డిస్కులు ఎలాగూ సెకనుకి గిగాబైట్ దాకా మింగగలవు, స్కానర్‌కి తేడా తెలియదు. గాల్లో ఉండే ఫ్రేములు 450 నుంచి 40కి దిగుతాయి.


జెడ్‌ఎఫ్‌ఎస్ భక్తుడు | బుధవారం, సాయంత్రం 5:30

సాంబాలో "సింక్ ఆల్వేస్" పెడితే ఆ 40 కూడా ఉండవుగా.


డిస్కుల దొర | బుధవారం, సాయంత్రం 5:58

ఉండవు, స్కానర్ కూడా కదలదు! సాంబా 4.7 నుంచి "స్ట్రిక్ట్ సింక్" డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది. అంటే విండోస్ నుంచి ఫ్లష్ అడిగితే నిజంగానే డిస్కు దాకా వెళ్తుంది. స్కానర్ సాఫ్ట్‌వేర్ అడగకపోవడమే సమస్య. దానికి నేను చేసే పద్ధతి: స్కాన్ అంతా "వస్తున్నవి" అనే ఫోల్డర్లోకే పోతుంది. రీలు పూర్తయ్యాక సర్వర్లో స్క్రిప్టు సింక్ కొట్టి, ప్రతి ఫ్రేముకీ చెక్‌సమ్ తీసి పక్కన రాసి, అప్పుడు మాత్రమే అసలు ఫోల్డర్లోకి జరుపుతుంది. కలరిస్ట్‌కి అసలు ఫోల్డరే కనబడుతుంది. నెగటివ్ డబ్బాలోకి వెళ్లేది కూడా ఆ తర్వాతే.

ఇక్కడొక తిరకాసు ఉంది. రాసిన వెంటనే చెక్‌సమ్ తీస్తే అది ర్యామ్‌లో ఉన్న కాపీ నుంచే వస్తుంది, డిస్కు మీది సంగతి చెప్పదు. సింక్ అయ్యాక పేజ్ క్యాష్ ఖాళీ చేసి మళ్లీ చదివించండి.


సాలిగ్రామం స్కానర్ | బుధవారం, రాత్రి 8:45

ఇప్పటికే ఉన్న 150 టీబీ పైచిలుకులో ఇంకెక్కడ నల్ల ఫ్రేములున్నాయో ఎలా పట్టుకోవాలి? పాతవాటికి చెక్‌సమ్‌లు లేవు. కూర్చుని చూడలేం కదా.


డిస్కుల దొర | బుధవారం, రాత్రి 9:20

డీపీఎక్స్ కాబట్టి బతికిపోయారు. ప్రతి ఫైలూ మొదటి నాలుగు బైట్లలో ఎస్, డీ, పీ, ఎక్స్ అనే అక్షరాలతోనో, అవే తిరగేసిన వరసలోనో మొదలవ్వాలి. సున్నాలుంటే ఆ ఫైలు పోయినట్టే. ఫైలుకి నాలుగు బైట్లే కాబట్టి మొత్తం చూడ్డానికి రాత్రి సరిపోతుంది. కొన్నింట్లో హెడర్ (ఫైలు మొదట్లో ఉండే వివరాలు) చేరి బొమ్మ సగంలో ఆగి ఉండొచ్చు. అందుకని చివర్నుంచి, మధ్యలోంచి కూడా ఒక్కో 64 కేబీ ముక్క తీసి పూర్తిగా సున్నాలా అని చూడండి. ఫేడ్ అవుట్ దగ్గర నిజంగానే నలుపు ఉంటుంది కదా అంటారేమో. ఫిల్మ్ స్కాన్లో నలుపు కూడా ఉత్త సున్నా కాదు, గ్రెయిన్ ఉంటుంది. ముక్క మొత్తం సున్నాలంటే అనుమానించాల్సిందే.


త్రీఫేజ్ మావయ్య | గురువారం, ఉదయం 7:15

సర్వర్‌కి రెండు పవర్ సప్లైలున్నాయా? రెండు ప్లగ్గులూ ఒకే యూపీఎస్‌లో పెట్టేసుంటారు, నాకు తెలుసు. యూపీఎస్ కూడా పాడయ్యే వస్తువే. ఒకటి యూపీఎస్‌కి, రెండోది బయటి లైనుకి ఇవ్వండి. అయితే ఆ లైనుకి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టకుండా మాత్రం వద్దు. త్రీఫేజ్ బిల్డింగ్‌లో న్యూట్రల్ ఊడిందంటే 230 ఉండాల్సిన చోట 400 దాకా పోతుంది. అంతసేపు నిలబడిన వోల్టేజీని సర్జ్ ప్రొటెక్టర్ ఒక్కటే ఆపలేదు, ఓవర్ వోల్టేజ్ కటాఫ్ కూడా వేయించండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టి చూడండి. రెండు మూడు వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో వాచ్‌మన్‌ని అడగండి.


డిస్కుల దొర | గురువారం, ఉదయం 9:05

నేనైతే రెండోది ఇంకో చిన్న యూపీఎస్‌కి ఇస్తాను, నేరుగా లైనుకి ఇవ్వను. ఆ విషయంలో మావయ్యతో నాకు పేచీ. కానీ రెండూ ఒకేదాంట్లో పెట్టకూడదన్నది మాత్రం నిజం.


సాలిగ్రామం స్కానర్ | తర్వాతి శనివారం, రాత్రి 11:10

అప్‌డేట్. 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ వచ్చింది. కార్డుకి సూపర్ కెపాసిటర్ మాడ్యూల్ వేయించాం. పాత ఫైళ్ల వెతుకులాటలో ఇంకో రెండు సినిమాల్లో కూడా సున్నా ఫ్రేములు దొరికాయి, వాటి నెగటివ్‌లు అదృష్టవశాత్తు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. ఈరోజు సెలవు కాబట్టి పరీక్ష పెట్టాం.

ముందు డిస్క్‌చెకర్ అనే చిన్న పెర్ల్ స్క్రిప్టు. సర్వర్ రాసి, ఎఫ్‌సింక్ చేసి, "ఫలానా నంబరు రాశాను" అని ఇంకో మిషన్‌కి చెబుతుంది. మధ్యలో రెండు ప్లగ్గులూ పీకేశాను. గుండె ఆగినంత టెన్షన్, టేపు కాపీలున్నా సరే. లేచాక స్క్రిప్టు రెండో మిషన్ లెక్కతో సరిచూస్తుంది. తప్పులు సున్నా. పాత కార్డు బ్యాటరీ ఇంకా పారేయలేదు కాబట్టి దాన్ని తగిలించి, ఒక టెస్ట్ వాల్యూమ్ మీద ఆల్వేస్ పెట్టి కూడా చూశాం. రాశానని చెప్పినవాటిలో వరసగా తప్పులు. మా ఓనర్ గారికి తెర మీద అది చూపించాకే విషయం ఎక్కింది.

తర్వాత యూపీఎస్ ఇన్‌పుట్ ఎంసీబీ దించాం. జనరేటర్ కూడా ఆపించాం. రెండు నిమిషాలకి సర్వర్ షట్‌డౌన్ మొదలైంది గానీ స్కానర్ మిషన్ హాయిగా నడుస్తూనే ఉంది! చూస్తే 10 గిగాబిట్ స్విచ్ గోడ సాకెట్‌కి ఉంది. కరెంటు పోగానే స్విచ్ పోయింది, సర్వర్ పెట్టిన కబురు స్కానర్‌కి చేరలేదు.


డిస్కుల దొర | శనివారం, రాత్రి 11:32

స్విచ్‌ని యూపీఎస్ మీదకి మార్చి మళ్లీ ఎంసీబీ దించండి. మార్చాం కదా అని వదిలేయొద్దు. ఇంకోటి, కార్డు బ్యాటరీ స్టేటస్ రోజూ మెయిల్ వచ్చేలా పెట్టండి. పాలసీ మారినా, మాడ్యూల్ ఫెయిలైనా ఆరోజే తెలియాలి.


సాలిగ్రామం స్కానర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మార్చి చూశాం. స్కానర్ ముందు ఆగింది, తర్వాత సర్వర్, ఆ తర్వాత యూపీఎస్ అవుట్‌పుట్. ఎంసీబీ ఎత్తితే ఎవరూ ముట్టుకోకుండా అన్నీ లేచాయి. పూర్తయిన సినిమాల్ని ఎల్‌టీఓ 8 టేపుల మీదకి దించడం కూడా మొదలెట్టాం. టేపుకి 12 టీబీ, ఒక సినిమా ఇరుకిరుగ్గా పడుతోంది.


మిక్సింగ్ రూమ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఆ పాత యూపీఎస్ అమ్ముతారా సార్? బ్యాటరీలు మార్చి మా రూమ్‌లో పెట్టుకుంటాను.


త్రీఫేజ్ మావయ్య | ఆదివారం, మధ్యాహ్నం 2:20

పెట్టుకో, మిక్సింగ్ కన్సోల్‌కి పనికొస్తుంది. పాత బ్యాటరీలు ఊరికే ఇచ్చేయకు, సీసం కిలో లెక్కన కొత్తవాటి ధరలో తగ్గిస్తారు. కొత్తవి దించుకునేటప్పుడు ఒక్కోదాని మీద తయారీ తేదీ చూడు, అన్నీ ఒకే బ్యాచ్ ఉండాలి. ఆరునెలలు చార్జీ లేకుండా షాపులో పడున్నవి కొత్త ధరకే అంటగడతారు.